టెక్సాస్‌లో మా అమ్మ ఎక్కిన గుట్ట: ఎన్‌చాంటెడ్ రాక్ వెళ్లొచ్చిన మా అనుభవం

2024 ఫిబ్రవరి 17న పార్కు గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చాం. సరిగ్గా ఇరవై నాలుగు రోజులకు, మార్చి 12న, మా అమ్మ అదే గుట్ట పైదాకా ఎక్కింది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఇక్కడి స్టేట్ పార్కులకు వెళ్లాలనుకునేవాళ్లు మాలాగా గేటు చూసి తిరిగి రాకూడదని, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. అమ్మా బాపూ 2023 నవంబర్ 3న వచ్చారు. ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఉండటానికి అనుమతి ఇచ్చారు. ఏప్రిల్ 24కి తిరుగు టికెట్. దీపావళి, క్రిస్మస్ లైట్లు, రెండు మూడు గుళ్లు, హూస్టన్ నాసా అయ్యేసరికి జనవరి వచ్చేసింది. చలి. మేమిద్దరం ల్యాప్‌టాప్‌ల ముందు, పిల్లలు స్కూల్లో. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని పార్కింగ్‌లో ఏ కారు ఎన్నింటికి పోతుందో, ఎన్నింటికి తిరిగొస్తుందో చెప్పేది. సంక్రాంతికి సకినాలు చుడుతూ ఒక మాట అంది: "బిడ్డా, ఈడికొచ్చినంక నేల మీద కాలు పెట్టి నడిశినట్టే లేదు. ఇంట్ల కార్పెట్, బయట కారు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పెళ్లయ్యేదాకా రోజూ బాయి దగ్గరికి నడిచిన మనిషి. ఆమెను నేను మూడో అంతస్తులో కూర్చోబెట్టాను.

ఆఫీసులో ఒకావిడ ఎన్‌చాంటెడ్ రాక్ ఫొటో చూపించింది. ఆస్టిన్‌కి పడమటగా, ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే ఊరికి ఉత్తరాన 18 మైళ్ల దూరంలో ఉంది. ఒకే పెద్ద గులాబీ రంగు గ్రానైట్ గుట్ట, చుట్టూ నేల నుంచి 425 అడుగుల ఎత్తు. రాత్రి ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "గిది భోనగిరి గుట్టనే గదా" అంది.

అమ్మ పుట్టిల్లు భువనగిరి. హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు వెళ్లేవాళ్లందరికీ ఆ గుట్ట తెలుసు. ఊరి మీద గుడ్డు బోర్లించినట్టు ఒకటే రాయి, దాని మీద కోట. అమ్మ చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దాని మీదికి ఎక్కేదట. 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, ఆ అమ్మాయి భువనగిరి గుట్ట మీదే ట్రెయినింగ్ తీసుకుందని పేపర్లో చదివి అమ్మ వారం రోజులు అందరికీ చెప్పుకుంది. అందుకే ఆ ఫొటో చూడగానే ఆమె ముఖం అలా వెలిగింది. ఆ రాత్రే తీసుకెళ్దామని నిర్ణయించుకున్నాం.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఫిబ్రవరి మూడో వారంలో ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్ ఉంది కదా అని హోటల్ మాత్రం బుక్ చేశాను. పార్కు టికెట్ గేటు దగ్గర తీసుకోవచ్చనుకున్నాను. మన దగ్గర జూకి వెళ్తే కౌంటర్లో టికెట్ తీసుకుని లోపలికి పోతాం, ఇదీ అంతే అనుకున్నాను. శుక్రవారం, అంటే 16న, ఆఫీసు అయ్యాక బయల్దేరాం. దారిలో పిల్లలకు, బాపుకు ఆగుతూ ఆగుతూ ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరేసరికి రాత్రి పదకొండున్నర. లాంగ్ వీకెండ్ కాబట్టి హోటల్ వాళ్లు కనీసం రెండు రాత్రులు తీసుకోవాలన్నారు. 410 డాలర్లు, క్యాన్సిల్ చేసినా తిరిగి రావు.

17న పొద్దున అటుకుల ఉప్మా తిని, మెల్లగా తయారై పదింటికి బయల్దేరాం. పార్కు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో గుట్ట ఒక్కసారిగా కనబడింది. అమ్మ ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని "అగో, అగో" అంది. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

గేటుకు చాలా ముందే కార్ల వరస. ముప్పావుగంట ఆ లైన్లోనే ఉన్నాం. మా వంతు వచ్చాక యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి రిజర్వేషన్ అడిగింది. లేదన్నాం. ఈ రోజుకు డే పాస్‌లన్నీ ఎప్పుడో అయిపోయాయని, పార్కు నిండిపోయిందని చెప్పింది. ఎంతో మర్యాదగా, మా కన్నా ఎక్కువ బాధపడుతున్నట్టు చెప్పింది. డాలస్ నుంచి వచ్చామని, మా పేరెంట్స్ ఇండియా నుంచి వచ్చారని అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది, ఎందుకంటే మా ముందున్న కారువాళ్లూ అంతే దూరం నుంచి వచ్చి ఉంటారు. మరుసటి రోజు ఆదివారానికి ఉన్నాయా అని అడిగాను. అదీ అయిపోయింది. కారు తిప్పుకుని వచ్చేశాం.

వెనక సీట్లో అమ్మ నన్ను ఓదారుస్తోంది: "పోనీ తియ్యి బిడ్డా, దూరం కెల్లి సూశినం గదా." బాపు ఏమీ అనలేదు. పిల్లలు ఎందుకు వెళ్లనివ్వలేదని అడుగుతూనే ఉన్నారు. ఆ మిగిలిన రోజు ఫ్రెడరిక్స్‌బర్గ్ మెయిన్ స్ట్రీట్‌లో అటూ ఇటూ తిరిగాం. జర్మన్లు కట్టుకున్న పాత ఊరు, చూడ్డానికి అందంగానే ఉంది కానీ నా మనసు అక్కడ లేదు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక హోటల్ బాత్రూంలో లైటు వేసుకుని కూర్చుని, ముందే చదవాల్సినవన్నీ అప్పుడు చదివాను. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో డే పాస్‌లు నెల రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. రాత్రి టెంట్ వేసుకుని ఉండాలంటే 5 నెలల ముందు నుంచే ఇస్తారు. ఎన్‌చాంటెడ్ రాక్ లాంటి చోట వీకెండ్ పాస్‌లు ముందే అయిపోతాయి. ఇంకో సంగతి, అక్కడ కారు పక్కనే టెంట్ వేసుకునే ఏర్పాటు లేదు. సామాను మోసుకుని నడిచి వెళ్లాలి. పెద్దవాళ్లతో ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

పిల్లల స్ప్రింగ్ బ్రేక్ మార్చి 11 నుంచి 15. క్యాలెండర్ తెరిచి చూస్తే శని, ఆదివారాలు నిండిపోయాయి. మంగళవారం 12న ఖాళీ ఉంది. మా ఆయన్ని లేపి లీవ్ దొరుకుతుందా అని అడిగాను. "ముందు బుక్ చెయ్, లీవ్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. పదమూడేళ్లు, ఆ పైవాళ్లకు మనిషికి 8 డాలర్లు, పన్నెండేళ్లు, ఆ లోపు పిల్లలకు ఉచితం. పెద్దవాళ్లం నలుగురం, 32 డాలర్లు కట్టాను. 65 దాటినవాళ్లకు సగం రేటు ఉందని చూసి బాపుకు వస్తుందేమో అనుకున్నాను. ఆ రాయితీ టెక్సాస్‌లో నివాసం ఉండేవాళ్లకే. కన్ఫర్మేషన్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అప్పటికి రాత్రి ఒంటిగంటయింది. ఆ రోజు మొత్తంలో నాకు ఊపిరి ఆడింది ఆ నిమిషమే.

ఇంటికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. అమ్మకు 61 ఏళ్లు, బీపీ ఉంది. నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉంది. 425 అడుగులంటే నలభై అంతస్తులు ఎక్కినట్టు. అందుకని ముందు ఎక్కడైనా నడిపించి చూద్దామని 24న, శనివారం, డాలస్‌కి దగ్గరలోని సీడర్ హిల్ స్టేట్ పార్కుకు వెళ్లాం. ఈసారి డే పాస్ ముందే బుక్ చేశాను. అక్కడ మనిషికి 7 డాలర్లు. ఆఫీసులో కౌంటర్ దగ్గరున్నాయన మేం ప్రతి వారం రావాలనుకుంటున్నామని విని, ఏడాది పాస్ తీసుకోమన్నాడు. అప్పట్లో 70 డాలర్లు. పాస్ ఉన్నవాళ్లతో పాటు అదే బండిలో వచ్చిన అందరికీ ఎంట్రీ ఫీజు ఉండదు. టెక్సాస్‌లో 80కి పైగా ఉన్న స్టేట్ పార్కుల్లో చెల్లుతుంది. నలుగురు పెద్దవాళ్లు ఉన్న ఇంటికి మూడోసారికే డబ్బులు వచ్చేసినట్టు. వారం ముందు ఇది తెలిస్తే ఆ 32 డాలర్లు కూడా మిగిలేవి. అయితే పాస్ ఉంది కదా అని నేరుగా వెళ్లిపోకూడదు. పాస్ ఉన్నా ఆ రోజుకు రిజర్వేషన్ చేసుకోవడమే మంచిది, కాకపోతే కట్టాల్సిన డబ్బులు సున్నా చూపిస్తుంది. ఇది తెలియక పాస్ చేతిలో పట్టుకుని గేటు నుంచి తిరిగొచ్చినవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

సీడర్ హిల్‌లో చెరువు గట్టు వెంట మొదటి రోజు అమ్మ ఇరవై నిమిషాలు నడిచి కూర్చుంది. మార్చి 2న ముప్పావుగంట నడిచింది. 9న గంట దాటినా ఆగలేదు, మేమే ఆగమన్నాం.

బూట్ల దగ్గర మాత్రం చాలా కష్టమైంది. అమ్మ ఎప్పుడూ చెప్పులే. గ్రానైట్ మీద చెప్పులు జారతాయని చెప్పి 65 డాలర్లు పెట్టి మంచి గ్రిప్ ఉన్న బూట్లు కొన్నాను. కొత్త బూట్లతో నేరుగా వెళ్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి, ఇంట్లో వేసుకుని తిరుగు అన్నాను. ఇంట్లో బూట్లేసుకుని తిరగడమేంటని అస్సలు ఒప్పుకోలేదు. దేవుడి ఫొటో ఉన్న ఇల్లు. చివరికి బాల్కనీలో, ఆరడుగుల చోటులో, పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట అటూ ఇటూ నడిచింది. లోపలికి రావాలంటే లేసులు విప్పి, బూట్లు గోడకు ఆనించి, కాళ్లు తుడుచుకుని వచ్చేది. పది రోజుల్లో బూట్లు ఆమె కాలికి అలవాటయ్యాయి.

బాపుకు 67. కుడి మోకాలు అరిగిపోయిందని రెండేళ్ల కిందే డాక్టర్ చెప్పాడు. సీడర్ హిల్‌లో సమంగా ఉన్న దారిలోనే ఇబ్బంది పడ్డాడు. తొమ్మిదో తారీఖు రాత్రి తనే అన్నాడు: "నేను కింద కూసుంట. మీరు ఎక్కి రాండ్రి." ఎక్కకపోయినా చూడాల్సినవి ఉన్నాయని, కింద కూడా చిన్న దారులు ఉన్నాయని చెప్పాను. తలూపాడు. ఆ ఊపడం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

11న, సోమవారం, ఇంట్లోంచి ఎనిమిదింటికి బయల్దేరాం. ఈసారి ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కాకుండా పార్కుకు ఉత్తరాన ఉన్న లానోలో గది తీసుకున్నాం. డాలస్ నుంచి వచ్చేవాళ్లకు అది దారిలోనే పడుతుంది. పార్కు అక్కడి నుంచి అరగంట. ఒక్క రాత్రికి 138 డాలర్లు. పులిహోర, సర్వపిండి, పెరుగన్నం, మామిడికాయ తొక్కు కట్టుకున్నాం. రోడ్డు పక్కన అక్కడక్కడా నీలం రంగు బ్లూబోనెట్ పూలు మొదలయ్యాయి. బాపు ఒకచోట కారు ఆపించి, కంచె ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. మార్చి 10న గడియారాలు గంట ముందుకు మారాయి. నేను దాన్ని పట్టించుకోకుండా 12న పొద్దున ఆరింటికే అందరినీ లేపాను. ఏడింటికి బయటికొస్తే ఇంకా చీకటి. మంచు పడ్డ అద్దాలు తుడుచుకుని, లైట్లు వేసుకుని బయల్దేరాం. ఆ రోడ్ల మీద జింకలు అడ్డం వస్తాయని మా ఆయన నలభై మైళ్ల స్పీడు దాటలేదు. ఏడు యాభైకి గేటు చేరాం. మా ముందు ఆరు కార్లే. అప్పుడే సూర్యుడు వస్తున్నాడు. సిగ్నల్ ఒక గీత కూడా లేదు, స్క్రీన్‌షాటే చూపించాను. ఒక్క నిమిషంలో లోపలికి పంపించారు. ఎవరూ అరవకుండా ఉండలేకపోయారు, బాపుతో సహా.

లోపల హోటల్ అనేది ఏమీ లేదు. తిండి, నీళ్లు మనమే తీసుకెళ్లాలి. గుట్ట మీద టాయిలెట్లు ఉండవు కాబట్టి ఎక్కేముందే కిందే అందరినీ తీసుకెళ్లాలి, చిన్నపిల్లలు వద్దన్నా సరే. కుక్కలను గుట్ట మీదికి రానివ్వరు. చీకటి పడ్డాక ఎక్కనివ్వరు. నీడ అనేది ఎక్కడా లేదు, కాబట్టి మార్చిలోనే పొద్దున వెళ్లడం మంచిదైంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లను ఆ రాయి మీదికి తీసుకెళ్లాలని నేనైతే అనుకోను.

పార్కింగ్ నుంచి కొంచెం నడిస్తే ఎక్కే దారి మొదట్లో ఒక మండపం లాంటిది ఉంటుంది. అందులో బాపును కూర్చోబెట్టి, టీ ఫ్లాస్కు, సర్వపిండి డబ్బా, శాలువా ఇచ్చాం. అమ్మ బీపీ మాత్ర ఇంకొకటి నా దగ్గర, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో నా ఫోన్లో. ఎనిమిది ఇరవైకి మొదలుపెట్టాం. పిల్లలూ మా ఆయనా ముందు, నేనూ అమ్మా వెనక.

మొదట్లో రాళ్లు పేర్చిన మెట్లలా ఉంటుంది. అది దాటాక మెట్లూ లేవు, బాటా లేదు, రాయి ఒక్కటే. అమ్మ అక్కడ ఆగింది. వంగి అరచెయ్యి రాయి మీద పెట్టింది. రాత్రి చల్లదనం ఇంకా అందులోనే ఉంది. చిన్న చిన్న పలుకులుగా గులాబీ రంగు, తెలుపు, నలుపు, మధ్యమధ్యలో మెరుపు. "మన దాని కన్నా ఎర్రగున్నది" అంది. తర్వాత నడుము కొంచెం ముందుకు వంచి, పాదం మొత్తం ఆనించి, అడ్డంగా అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేస్తూ ఎక్కడం మొదలుపెట్టింది. నేను నిటారుగా ఎక్కుతూ రొప్పుతుంటే, "గట్ల కాదు, వంకర టింకర ఎక్కాలె" అని నాకే నేర్పింది. యాభై ఏళ్ల నాటి అలవాటు కాళ్లలో అలాగే ఉంది.

పక్కన ఒకచోట రాయి పెద్ద పెద్ద పలకలుగా, ఉల్లిపాయ పొరల్లా లేచి ఉంది. లోపలున్న రాయి మీద పైబరువు తగ్గేకొద్దీ పైభాగం అలా పొరలు పొరలుగా విడిపోతుందట. మా పెద్దోడు ఆ పలకలు ఎప్పుడు పడిపోతాయని అడిగాడు. ఈ రాయి వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు, మనం దిగేదాకా ఆగుతుందిలే అన్నాడు వాళ్ల నాన్న.

సగం దూరంలో అమ్మకు ఆయాసం వచ్చింది. కూర్చున్నాం. నాకు గుండె దడదడలాడింది, ఆమెకేమైనా అయితే ఇక్కణ్నుంచి ఎలా దింపాలి అని. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. పక్కనుంచి వెళ్తున్న ఒక పెద్దావిడ, కర్రతో, అమ్మను చూసి నవ్వి బొటనవేలు పైకెత్తింది. అమ్మ కూడా ఎత్తింది. రెండు గుక్కలు నీళ్లు తాగి, ఓఆర్‌ఎస్ కలిపిన సీసా నేను ఇచ్చేలోపే లేచి నిలబడింది. మామూలుగా అరగంట, నలభై నిమిషాలు పట్టే దారి మాకు గంటా పది నిమిషాలు పట్టింది.

తొమ్మిదిన్నరకు పైకి చేరాం. పైన బల్లపరుపుగా, విశాలంగా ఉంటుంది. గాలి బాగా వేసింది. నాలుగు దిక్కులా పచ్చని చెట్లు, మధ్యమధ్య గుండ్రాళ్లు, ఆకాశంలో గద్దల్లాంటి పెద్ద పక్షులు రెక్కలాడించకుండా చుట్లు కొడుతున్నాయి. అమ్మ ఆ చుట్టుపక్కల చూడ్డం కన్నా ముందు రాయిలో ఉన్న గుంటల దగ్గరికి వెళ్లింది. "దొనలు" అంది. వాన నీళ్లు నిలిచి నిలిచి రాయి తొలుచుకుపోయి ఏర్పడ్డవి. కొన్నింటిలో నీళ్లు, కొన్నింటిలో మట్టి పట్టి గడ్డి, పూలు, ముళ్ల నాగజెముడు. వాటిలో అడుగు పెట్టొద్దని చెబుతారు. ఆ కొద్ది నీళ్లలో కంటికి సరిగ్గా ఆనని బుల్లి రొయ్యలు బతుకుతాయి. నీళ్లు ఎండిపోయినా వాటి గుడ్లు మట్టిలో ఉండి, మళ్లీ వాన పడితే పుట్టుకొస్తాయి. మా చిన్నది బోర్లా పడుకుని చాలాసేపు వెతికింది, దానికి ఒక్కటీ కనిపించలేదు. అమ్మ మనవరాలి పక్కనే గొంతుక్కూర్చుని, భువనగిరి గుట్ట మీది దొనల్లో నీళ్లు ఎంత చల్లగా ఉండేవో, దోసిలితో ఎలా తాగేవాళ్లో చెప్తూ పోయింది. ఈ కథలు నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

ఈ గుట్టకు ఎన్‌చాంటెడ్, అంటే మంత్రించిన, అని పేరెందుకొచ్చిందని అమ్మ అడిగితే చెప్పాను. ఇక్కడి ఆదివాసీలైన టోంకవా వాళ్లు, కొమాంచీలు దీన్ని మహిమ గల చోటుగా చూసేవాళ్లు. పగలు కాగిన రాయి రాత్రి చల్లారేటప్పుడు మూలుగు లాంటి చప్పుడు చేస్తుందని, వాళ్లు దాన్ని ఆత్మల గొంతు అనుకున్నారని అంటారు. అమ్మ దాన్ని కథ కింద వినలేదు. చెంగు తల మీదికి లాక్కుని, రాయిని తాకి చెయ్యి కళ్లకద్దుకుంది.

దిగేముందు చూస్తే ఆమె గుప్పిట్లో ఒక చిన్న గులాబీ రంగు రాయి ముక్క. భువనగిరిలో మా మామయ్యకు చూపిస్తానంది. పార్కులోంచి రాళ్లు, పూలు, ఏవీ తీసుకెళ్లకూడదు. అది చెప్పాలంటే నోరు రాలేదు. చెప్పాను. కాసేపు దాన్ని చూసుకుని, "అయితే వద్దు తియ్యి" అని ఎక్కడ దొరికిందో అక్కడికే నాలుగడుగులు వెనక్కి వెళ్లి పెట్టేసింది. నేను దాన్ని అక్కడే ఫొటో తీశాను. ఆ ఫొటోనే మామయ్యకు పంపింది.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్లు. ఏటవాలుగా ఉన్న చోట అమ్మ కూర్చుని చేతులు ఆనించి మెల్లగా జరిగింది. నేను ఆమె కంటే ఒక అడుగు కింద, పక్కకు తిరిగి, చెయ్యి పట్టుకుని దిగాను. కిందికి వచ్చేసరికి పదకొండు దాటింది. రెండున్నర గంటలకు పైగా మండపంలో కూర్చున్న బాపు దగ్గర ఎవరో అమెరికన్ ముసలాయన ఉన్నాడు. ఇద్దరూ మోకాళ్లు చూపించుకుంటూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. సర్వపిండి డబ్బా ఇద్దరి మధ్యా తెరిచి ఉంది. మమ్మల్ని చూడగానే బాపు అమ్మను, "ఎక్కినవా? పైదాంక?" అని అడిగాడు. అమ్మ తలూపి పక్కన కూలబడి, మొదట లేసులు విప్పుకుంది.

రెండో ప్రయాణానికి గది, పెట్రోల్, ఎంట్రీ, బూట్లు కలిపి 300 డాలర్లు అయింది. బుక్ చేసుకోకుండా వెళ్లిన మొదటి ప్రయాణానికి హోటల్, పెట్రోల్, బయటి తిండి కలిపి 550 దాటింది.

మరుసటి రోజు అమ్మకు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయింది. రెండు రోజులు కొబ్బరి నూనె మర్దనా, వేడినీళ్లు. అయినా వీడియో కాల్‌లో ఎవరు దొరికితే వాళ్లకు ఎక్కిన సంగతే. బాపు పక్కనుండి వింటూ ఉండేవాడు.

శుక్రవారం రాత్రి అన్నాలయ్యాక, ఫ్రిజ్ మీద అయస్కాంతానికి పెట్టిన పార్కు పాస్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిడ్డా, ఈ కార్డు ఎన్నొద్దులు నడుస్తది?"

"వచ్చే ఫిబ్రవరి దాకా, బాపూ."

"గుట్టలు లేకుంట, సాపుగ ఉండేది ఏదన్న ఉన్నదా?"

ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుని ఏప్రిల్ పేజీ తెరిచాను.